సండే స్కూల్ పాటకు చప్పట్లొక్కటే చాలవు

సండే స్కూళ్లలో ఈమధ్య పాటలకు చేతుల కదలికలు పెరిగాయి, మాటలు తగ్గాయి. ట్రాక్ (ముందే రికార్డు చేసిన సంగీతం) పెట్టి గెంతిస్తే పిల్లలు హుషారుగానే ఉంటారు. కానీ పాట అయ్యాక వాళ్ల నోట మిగిలేది నాలుగైదుసార్లు తిప్పి పాడిన ఒకే ఒక్క వాక్యం. పెద్దల పాటను పలచన చేస్తే పిల్లల పాట అవుతుందనుకోవడంలోనే ఉంది పొరపాటంతా.

అమెరికాలో ఆనా వార్నర్ 1860లో రాసిన 'జీసస్ లవ్స్ మి'నే చూడండి. అక్క సూసన్‌తో కలిసి రాసిన నవలలో, చావుబతుకుల్లో ఉన్న పసివాడికి వినిపించే పాట అది. మొదటి చరణంలో నాలుగు పాదాలు, పాదానికి ఏడక్షరాలు. మొత్తం 24 మాటల్లో 20 ఏకాక్షరాలే. యేసు ప్రేమిస్తున్నాడని, అందుకు బైబిలే సాక్ష్యమని, మనం బలహీనులమైనా ఆయన బలవంతుడని అంత చిన్న మాటల్లోనే చెప్పేశారు. నాకు సంతోషంగా ఉందన్న మాట ఆ చరణంలో ఎక్కడా లేదు. అందుకే జ్వరంతో పడుకున్న రోజున కూడా పిల్లలు దాన్ని పాడుకోగలరు.

1862లో విలియం బ్రాడ్‌బరీ దానికి బాణీ కట్టి పల్లవి జోడించారు. బాణీలో ఉన్నవి స రి గ ప ద, అంటే మోహన రాగపు స్వరాలే. కొత్త గొంతు తడబడే మ, ని లేవు. 'ప గ గ రి గ ప ప' అని మొదలవుతుంది, మూడో పాదంలో అదే వరస తిరిగొస్తుంది. కింది స నుంచి పై స దాకా ఒక్క స్థాయిలోనే పాటంతా అయిపోతుంది.

ఇంత కుదురైన బాణీని కూడా చెడగొట్టేది శ్రుతి. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు స ను పాశ్చాత్య స్వరాల్లో సి దగ్గర గానీ డి దగ్గర గానీ పెడితే హాయిగా ఉంటుంది. పాడించే పెద్దాయన తన గొంతుకు వీలుగా జి శ్రుతికి దించితే కింది స్వరాలు అందక పిల్లలు అరుస్తారు. పెద్దల గొంతుకు చేసిన ట్రాక్‌తోనూ ఇదే తంటా. ముందు వాద్యం లేకుండా ఒక్కో పాదం పాడి, వాళ్లచేత పాడించి, తర్వాత రెండేసి పాదాలు కలపాలి. కదలికలు మాటలు వచ్చాకే. ముందే నేర్పితే పిల్లలు పక్కవాళ్ల చేతులు చూస్తూ పెదవులు మాత్రం ఆడిస్తారు.

ఐర్లండ్‌కు చెందిన సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ ఇంకా పెద్ద సాహసమే చేశారు. 1848 నాటి తన పిల్లల కీర్తనల పుస్తకంలో అపొస్తలుల విశ్వాస ప్రమాణంలోని (క్రైస్తవుల విశ్వాసాన్ని క్లుప్తంగా చెప్పే ప్రకటనలోని) మాటలను పాటలుగా మలిచారు. భూమ్యాకాశాలను సృజించిన దేవునికి 'ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్', కన్య మరియ గర్భాన పుట్టినవానికి 'వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ', పొంతి పిలాతు కాలంలో సిలువ శ్రమకు 'దేర్ ఈజ్ ఎ గ్రీన్ హిల్ ఫార్ అవే'. ఇంత బరువైన బోధను పిల్లలు మోయగలరని ఆమె నమ్మారు.

పాతవన్నీ మేలైనవా అని అడిగేవాళ్లున్నారు. ఆంగ్ల కీర్తనకారుడు ఐజాక్ వాట్స్ 1715లో అబద్ధాలాడే పిల్లలకు అగ్నిగంధకాల గుండం చూపించి భయపెట్టిన మాట నిజం. అలెగ్జాండర్ సృష్టి పాటలోనూ కోటలోని ధనవంతుణ్ని, వాకిట్లోని పేదవాణ్ని దేవుడే అలా ఉంచాడనే చరణం ఉంది. అభ్యంతరం న్యాయమైనదే. 1906లో 'ఇంగ్లిష్ హిమ్నల్' అనే కీర్తనల పుస్తకం ఆ చరణాన్ని తీసేసింది. అయినా పాటకు ఏమీ కాలేదు, ఎందుకంటే అందులో ప్రతి చరణమూ తనంతట తాను నిలబడుతుంది.

అసలు ఈ పాటల్లో ఇన్ని ఆడవాళ్లే ఎందుకు రాశారు? వార్నర్, అలెగ్జాండర్, వాళ్లకంటే ముందు ఇంగ్లండ్‌లో పిల్లల పాటలు రాసిన టేలర్ అక్కచెల్లెళ్లు, 1841లో జెమైమా లూక్. ఆనాటి సంఘాలు చాలావరకు స్త్రీలను ప్రసంగ వేదిక ఎక్కనివ్వలేదు, పిల్లల తరగతి మాత్రం అప్పజెప్పాయి. వాళ్లు ఆ తరగతిలోనే సిద్ధాంతం బోధించారు. వార్నర్ అమెరికా సైనిక అకాడమీ ఉన్న వెస్ట్ పాయింట్‌లో సైనిక విద్యార్థులకు ఏళ్ల తరబడి బైబిల్ తరగతులు చెప్పారు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది. ఇంతటి బోధకులను 'పిల్లల పాటలు రాసినావిడ' అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం.

పిల్లలకు కొత్త పాటలు తప్పకుండా కావాలి. ఆ పని బైబిల్ బాగా చదివిన స్త్రీల చేతుల్లో పెట్టండి. ఏ పాటలో ఏ బోధ చెప్పాలో ముందు తేల్చుకుని, మాటలు కుదిరాక బాణీ దగ్గరికి వెళ్లనివ్వండి. ఇప్పుడు జరుగుతున్నది పూర్తిగా తలకిందులు: ముందు ట్రాక్, తర్వాత కదలికలు, మాటలు ఆఖరున.