ఆటిజం ఉన్న పిల్లల్ని అదే క్లాసులో ఉంచాలా?

ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులను చాలా స్కూళ్లు పిలిచి ఒకే మాట చెబుతాయి: "ఇంకో ఏడాది ఇదే క్లాసులో ఉంచుదాం, మీరొక లెటర్ రాసివ్వండి." ఆ లెటర్ ఎందుకో తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం కింద పిల్లల్ని ఆపే వెసులుబాటు 2019 సవరణ తర్వాత ఐదు, ఎనిమిది తరగతుల్లోనే ఉంది, అదీ ప్రభుత్వం అనుమతించిన చోటే. అక్కడైనా ముందు అదనపు బోధన ఇచ్చి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. ఎనిమిదిలోపు మిగతా తరగతుల్లో మీ సంతకం అడుగుతున్నారంటే నిర్ణయాన్ని మీ మీదికి నెడుతున్నట్టే. వెంటనే ఇవ్వకండి.

ముందు తేలాల్సింది ఒకటుంది. పిల్లాడికి పాఠం రాలేదా, వచ్చింది పేపరు మీద పెట్టలేకపోయాడా? వార్షిక పరీక్ష ప్రశ్నపత్రాన్నే తీసుకుని, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, పేజీకి రెండు ప్రశ్నలు చొప్పున, మధ్యలో విరామాలిస్తూ మళ్లీ చేయించండి. రాయలేకపోతే నోటితో చెప్పనివ్వండి, మాట రాకపోతే కార్డుల్లోంచి వేలుపెట్టి చూపనివ్వండి. పెద్ద ప్రశ్నను చిన్న ముక్కలు చేసి అడగండి, జవాబు మాత్రం అందించొద్దు. 25కి ఆరు వచ్చినవాడికి ఇలా పదిహేను వస్తే లోపం పరీక్ష పెట్టిన తీరులో ఉంది. అదే క్లాసులో ఇంకో ఏడాది కూర్చున్నా అది పోదు. పరీక్ష విధానంలో మార్పులు, అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు... ఇవన్నీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నవే. ఇలా చేయించినా రాలేదంటే అప్పుడు కారణం వెతకాలి. థెరపీ కోసం రోజూ ఏ పీరియడ్ పోయింది? గోల తట్టుకోలేక ఎన్నిసార్లు బయట కూర్చోబెట్టారు? క్లాసులో లేని గంటల్లో జరిగిన పాఠం ఎవరికైనా ఎలా వస్తుంది?

"మార్పంటే భయం కదా, తెలిసిన గదే మంచిది" అని కొందరు టీచర్లు సదుద్దేశంతోనే అంటారు. గది పాతదే కానీ అందులో పిల్లలంతా కొత్తవాళ్లు. వీడు చెవులు మూసుకుంటే ఎందుకో తెలిసినవాళ్లు, చెయ్యిపట్టుకుని లైన్లో నిలబెట్టేవాళ్లు పైక్లాసుకి వెళ్లిపోతారు. పాఠాలు బట్టీ వచ్చిన పిల్లలకు అవే మళ్లీ చెబితే విసుగొచ్చి లేచి తిరగడం, అరవడం పెరుగుతాయి. అప్పుడు ఆ ప్రవర్తననే చూపి, చూశారా ఇంకా సిద్ధంగా లేడంటారు.

యూకేజీ, ఒకటో తరగతి వేరు. వయసుకు ముందే చేర్చినా, ఆటిజం ఆలస్యంగా తెలిసి థెరపీ ఇప్పుడిప్పుడే మొదలైనా, ఒక ఏడాది ఆగడంలో అర్థం ఉంది. జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది. మూడో తరగతి దాటాక మాత్రం మేం దాదాపుగా వద్దనే అంటాం. చదువులో తేడా ఏడాదిలో పూడదు, కానీ వయసు తేడా ఏటా కంటికి కనబడుతుంది. ఆరో తరగతికొచ్చేసరికి మీ అమ్మాయికి తోటివాళ్లకన్నా ముందే నెలసరి మొదలైతే, క్లాసులో ఆ విషయం అర్థం చేసుకునే స్నేహితురాలు ఉండదు. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు చట్టమిచ్చే ఉచిత విద్య 18 ఏళ్లతో ఆగుతుందన్నదీ మర్చిపోవద్దు.

పైక్లాసుకి వెళ్లినంత మాత్రాన అన్నీ ఆ క్లాసువే చదవక్కర్లేదు. నాలుగో తరగతి గదిలో కూర్చుని లెక్కలు మాత్రం రెండో తరగతివి చేయవచ్చు. దానికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయించాలి. ప్రభుత్వ బడి అయితే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడ ఈ పిల్లలకు బోధించే ఐఈఆర్పీ టీచర్‌ను కలవండి.

అన్నీ చూశాక కూడా ఆపడమే సరైనదనిపిస్తే, మీరు లెటర్ ఇచ్చే ముందు స్కూలు దగ్గర ఒక కాగితం తీసుకోండి. వచ్చే ఏడాది ఏ టీచరు, విడిగా వారానికి ఎన్ని గంటలు చెబుతారు, ఏ నాలుగైదు లక్ష్యాలు, వాటిని ఎలా కొలుస్తారు అన్నది అందులో ఉండాలి. "చదవడం మెరుగుపడాలి" లాంటి వాక్యం ఒప్పుకోకండి. "ఒత్తుల్లేని పది మాటలు చూసి చదవాలి" అని రాయించండి. దసరా సెలవుల ముందు సమీక్ష తేదీ వేయించండి. ఆ కాగితం ఇవ్వలేమన్న స్కూలుకి మీ లెటర్ ఇవ్వనవసరం లేదు.