డిటర్జెంట్ చుక్క వేయకండి, హిట్టు పోతుంది

హైదరాబాద్‌లో హిట్లు రెండు చోట్ల పుడతాయి. ఒకటి ఫిల్మ్‌నగర్, రెండోది ల్యాబులో అణువుల్ని పరీక్షించే 384 గుంటల ప్లాస్టిక్ ప్లేటు; అందులో ఎంజైము పనిని ఆపిన అణువే హిట్టు. మార్నింగ్ షో పూర్తి కాకుండానే బ్లాక్‌బస్టర్ పోస్టర్ పడిందని మొదటి దాన్ని చూసి ఊరంతా నవ్వుతుంది. రెండో దాంట్లో అసలు ప్లేటు బయటికి తియ్యకుండానే, కంప్యూటర్లోనే పోస్టర్ పడిపోతుందన్న సంగతి మాత్రం ల్యాబులున్న తార్నాక, షామీర్‌పేట దాటి బయటికి పొక్కలేదు.

ఈ పద్ధతిని కొందరు చాదస్తులు తప్పుపడుతున్నారు. వాళ్ల మాట చెవిన పెట్టకండి. ఎంజైమును ఆపే అణువు కావాలనుకున్న ప్రతి పరిశోధక విద్యార్థికీ అది తప్పక దొరుకుతుంది. మార్గం సులువు, ఖర్చు తక్కువ.

ముందు జాతకాలు చూడాలి. అణువు ప్రోటీన్లో ఎక్కడ, ఎంత బిగువుగా కూర్చుంటుందో కంప్యూటర్లో అంచనా కట్టడమన్నమాట, దీన్నే డాకింగ్ అంటారు. ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి ఒక నిర్మాణం దించుకోండి. 2020లో లోకమంతా 6ఎల్‌యూ7 దించుకుంది. అది కరోనా వైరస్ మెయిన్ ప్రోటియేజ్, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైము. అందులో ఎన్3 అనే లిగాండు (ప్రోటీన్‌ను పట్టుకునే అణువు) 145వ అమైనో ఆమ్లమైన సిస్టీన్‌కు సమయోజనీయ బంధంతో అతుక్కుని ఉంటుంది. మామూలు డాకింగ్‌కు అలాంటి బంధం కట్టడం చేతకాదు, అయినా మనకు పట్టింపు లేదు. నీటి అణువులన్నీ ఒక్క క్లిక్కుతో ఊడ్చేయండి. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం మీద హైడ్రోజన్ ఏ నైట్రోజన్‌కు ఉండాలో ప్రోగ్రాముకే వదిలేయండి. ప్రోగ్రాము వెతకాల్సిన చోటుకు హద్దు గీసే గ్రిడ్ పెట్టెను ప్రోటీన్ మొత్తానికీ చుట్టేయండి. ఆటోడాక్ వినా అనే డాకింగ్ ప్రోగ్రాములో ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత గట్టిగా వెతకాలన్న అంకె) 8 అని ముందే రాసి ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. పెట్టె 30 ఆంగ్‌స్ట్రామ్‌ల ఘనం దాటితే ఆ 8 చాలదని ఆ ప్రోగ్రామే హెచ్చరిస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో ఉంగరం పడేసి ఎనిమిది మునకలతో సరిపెట్టడమన్నమాట. ఏదో ఒకటి చేతికి తగలకపోదు.

క్రిస్టల్లో ఉన్న లిగాండునే పీకి మళ్లీ డాక్ చేసి, 2 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడాలోపు పాత చోటే కూర్చుందో లేదో చూడమని పెద్దలంటారు. చూడకండి. కూర్చోకపోతే మనసు పాడవుతుంది.

ఇక వధువు ఎంపిక. అణువు ఎంత లావైతే స్కోరు అంత బాగా వస్తుంది, ఎందుకంటే తగిలే పరమాణు జంటలు పెరిగినకొద్దీ ప్రోగ్రాము మార్కులు కలుపుకుంటూ పోతుంది. అందుకని చక్కెర తోకలున్న రూటిన్ లాంటిది తీసుకోండి. హైడ్రోజన్లు వదిలేస్తే దాంట్లో 43 పరమాణువులు. స్కోరు మైనస్ 9 కిలోకేలరీలు వచ్చిందనుకుందాం (మైనస్ ఎంత పెద్దదైతే బంధం అంత బిగువని లెక్క). 43తో భాగిస్తే పరమాణువుకు 0.21, మందుగా ఎదగాలంటే 0.3 దాకా ఉంటే మేలంటారు. భాగించకండి. ఈ స్కోర్లలో సహజంగానే 2 నుంచి 3 కిలోకేలరీల తప్పు ఉంటుంది. 1.4 కిలోకేలరీలకు బంధం బిగువు పది రెట్లు మారుతుంది కాబట్టి, తేడా నూరు రెట్ల దాకా పోవచ్చు. అయినా మైనస్ 9.2 వచ్చినదాన్ని మొదటి ర్యాంకులో, మైనస్ 8.9 వచ్చినదాన్ని మూడో ర్యాంకులో పెట్టండి. జాతకం కుదిరింది, కాపురం సంగతి తర్వాత.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఈ జాతకాలేవీ చూడకుండానే ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట అమైనో పెట్టి అమినోప్టెరిన్ చేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న పిల్లలకు దాన్నిచ్చి కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడం చూపించారు. పాపం, గ్రిడ్ పెట్టె లేని కాలం.

ఇప్పుడు ప్లేటు. మన ఎంజైమ్ పరీక్షకు సాటిలేని అణువు ఇంట్లోనే ఉంది: పసుపులోని కర్క్యుమిన్. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో 10 మిల్లీమోలార్ స్టాకు చేసి, 50 మైక్రోలీటర్ల గుంటలో అర మైక్రోలీటరు వేయండి. అంటే 100 మైక్రోమోలార్ కర్క్యుమిన్, 1 శాతం డీఎంఎస్‌ఓ. (డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ 18లో పెట్టుకునే ల్యాబుల్లో సీసా రాయిలా ఉండటానికి కారణం అదే, ఎవరి చేతబడీ కాదు. మూత తీసి ఉంచితే వానాకాలం గాల్లోని తేమ తాగుతుంది, అప్పుడు స్టాకులోని పదార్థం అడుక్కి దిగుతుంది. సీసా మీద 10 మిల్లీమోలార్ అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరవు.)

ఆ గుంటలో జరిగేది కాస్త దగ్గరికెళ్లి చూడదగ్గ ముచ్చట. నీళ్లలో కరగలేని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వందల నానోమీటర్ల ఉండలవుతాయి. కంటికి గుంట తేటగానే ఉంటుంది. ఎంజైము వెళ్లి ఆ ఉండల మీద వాలి బెల్లానికి అంటుకున్న ఈగలా కదలలేకపోతుంది. పని ఆగింది, గ్రాఫు పడిపోయింది, హిట్టు కొట్టింది! ఇలాంటి ఉండలకు కుల మత భేదాల్లేవు: బీటా లాక్టమేజ్‌ను ఆపుతాయి, కైమోట్రిప్సిన్‌ను ఆపుతాయి. ఒకే అణువుతో షుగరు, క్షయ, క్యాన్సర్ మూడింటికీ మూడు పేపర్లు రాసుకోవచ్చు. హిల్ స్లోపు, అంటే గ్రాఫు ఎంత నిటారుగా పడుతుందో చెప్పే అంకె, 1 దగ్గర ఉండాల్సింది 3 వచ్చి గ్రాఫు గోడలా నిలబడితే ‘బలమైన నిరోధం’ అని రాయండి.

దీనికి గండమల్లా ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంటు. పది శాతం స్టాకు నుంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల బఫర్లో కలిపితే 0.01 శాతం అవుతుంది. ఇరానీ చాయ్ ఖరీదు కూడా కాదు. అది పడగానే ఉండలు విడిపోతాయి, ఎంజైము లేచి దులుపుకుని పనిలో పడుతుంది. మూడేళ్ల థీసిస్ ఆ మధ్యాహ్నమే కరిగిపోతుంది. అందుకే ఆ సీసాను అలమరాలో వెనక వరసలో పెట్టండి.

కర్క్యుమిన్‌కు ఇంకో సుగుణం. ఏఎంసీ అనే వెలిగే రంగును తగిలించిన సబ్‌స్ట్రేట్లు (ఎంజైము కోసే పదార్థాలు) వాడితే ఎంజైము విడిపించిన ఏఎంసీ 460 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. పసుపు దాదాపు ఆ వెలుగునే తాగేస్తుంది. యంత్రానికి వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది, మనకు నిరోధం కనిపిస్తుంది. 2017లో ఒక సమీక్ష వచ్చింది. కర్క్యుమిన్ మీద 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాయనీ, డబుల్ బ్లైండ్, ప్లాసిబోతో చేసిన ఒక్కటీ నెగ్గలేదనీ రాసింది. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ పోపుల డబ్బాలు మాత్రం పసుపుతో నిండుగానే ఉన్నాయి, అదే మన సాక్ష్యం.

సిస్టీన్‌తో పనిచేసే ప్రోటియేజ్ అయితే, ఆ సిస్టీన్‌ను ఆక్సీకరణ నుంచి కాపాడే డీటీటీ అనే రసాయనాన్ని చూసి వాడండి. 2020లోనే ఎబ్సెలెన్, డైసల్ఫిరామ్ లాంటివి మెయిన్ ప్రోటియేజ్‌ను ఆపడం, డీటీటీ వేశాక ఆపకపోవడం బయటపడ్డాయి. మరోవైపు కొన్ని క్వినోన్లు డీటీటీ ఉంటేనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టించి సిస్టీన్‌ను చెడగొడతాయి. వేస్తే పోయే హిట్టుకు వేయకండి, వేస్తేనే వచ్చే హిట్టుకు వేయండి.

షుగరు మందు కనిపెట్టాలంటే పిండిపదార్థాన్ని గ్లూకోజుగా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమును ఆపాలి. చిన్నపేగు ఎంజైము కొనకండి, యీస్టుది కొనండి. పోలికకు ఆకార్బోజ్ అనే షుగరు మందు పెట్టండి. మన పేగుల్లోని ఎంజైమును గట్టిగా ఆపే ఆకార్బోజ్ యీస్టు ఎంజైమును అంతంతమాత్రంగానే పట్టించుకుంటుంది. దాని పక్కన ఏ తిప్పతీగ కషాయం పెట్టినా మొనగాడే. ‘ప్రామాణిక ఔషధం కంటే ఎన్నో రెట్లు మెరుగు’ అన్న వాక్యం ముందే టైపు చేసి పెట్టుకోవచ్చు. బిర్యానీ తినేది మనిషా యీస్టా అని రివ్యూవర్లు సాధారణంగా అడగరు.

చివరగా అంకె. గుంటలో ఎంజైము 20 నానోమోలార్ వేసి, ఐసీ50 (ఎంజైము పనిని సగానికి తగ్గించే అణువు మోతాదు) మాత్రం 5 నానోమోలార్ అని రాయండి. ఒక్కో ఎంజైముకు ఒక్కో అణువు చొప్పున తిరిగి విడిచే పద్ధతిలో పట్టుకునేదైతే, ఇరవై ఎద్దుల్లో సగాన్ని కట్టెయ్యడానికి పది పలుపులు కావాలి. మీరు ఐదు పలుపులతో కట్టేశారు, గర్వించండి. సబ్‌స్ట్రేట్ ఎంత వేశారో, దాని కేఎం (ఎంజైము సగం వేగం అందుకునే సబ్‌స్ట్రేట్ గాఢత) ఎంతో ఎక్కడా రాయకండి. రాస్తే 1973 నాటి చెంగ్-ప్రూసాఫ్ సూత్రం పట్టుకుని ఎవరో ఒకరు కేఐ, అంటే అణువు అసలు బిగువు, లెక్క కట్టేస్తారు.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు కళ్లజోడు సవరించుకుని, “బాబూ, డిటర్జెంట్ వాడారా?” అని అడిగే ప్రమాదం ఉంది. కంగారు పడకండి. “వాడాం సార్. ప్లేట్లన్నీ దాంతోనే కడిగాం” అని చెప్పండి.