పరువు గల పెసో, పరువు లేని పొరుగు

కరెన్సీ విలువే దేశం పరువు అని నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా బోటివాళ్లకు ఆరాధ్య దైవం 1990ల నాటి అర్జెంటీనా. 1989లో అక్కడ ద్రవ్యోల్బణం 3 వేల శాతం దాటింది. 1991లో ఏకంగా చట్టమే చేసి కరెన్సీని డాలర్‌కు కట్టేశారు; 1992లో పెసో అనే కొత్త కరెన్సీ తెచ్చి, ఒక పెసో అంటే ఒక డాలర్ అని తేల్చేశారు. ధరలు దారికొచ్చాయి. పెసో మీసం మెలేసింది.

1991లోనే బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వేలతో కలిసి మెర్కోసుర్ కూటమి పెట్టుకున్నారు. సుంకాల సంగతి కలిసి చూసుకుందాం, కరెన్సీ మాత్రం ఎవరిది వాళ్లది.

1999 జనవరిలో బ్రెజిల్ పరువు వదిలేసింది. డాలర్‌కు 1.20 దగ్గరున్న దాని కరెన్సీ రియల్ కొన్ని వారాల్లోనే 2 దాటింది. బ్రెజిల్ నగరం సావో పాలోలో 24 రియళ్లకు అమ్మే బూట్ల జత ఉందనుకోండి. నిన్నటిదాకా అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో దాని ఖరీదు 20 పెసోలు, ఇప్పుడు 12. తోలు అదే, కుట్టు అదే, కుట్టినవాడి కూలీ కూడా అదే. ఏ సుంకమూ తగ్గకుండానే 8 పెసోలు మాయం! అర్జెంటీనా బూట్ల తయారీదారులు గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం దిగుమతి లైసెన్సులంటూ అడ్డం పడింది. స్వేచ్ఛా వాణిజ్య కూటమిలో స్వేచ్ఛ బూట్ల దగ్గరే ఆగిపోయింది. మారకం రేటును ముట్టుకోకూడదు కాబట్టి ఇక తగ్గించడానికి మిగిలినవి జీతాలూ ఉద్యోగాలే. అవి తగ్గితే పరువు పోదట. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

2001 డిసెంబర్‌లో బ్యాంకుల నుంచి జనం తమ డబ్బు తీసుకోవడానికి పరిమితి పెట్టారు. అధ్యక్షుడు డి లా రువా రాజీనామా చేసి హెలికాప్టర్‌లో వెళ్లిపోయాడు. 2002 జనవరిలో ఆ పెసో-డాలర్ చట్టం పోయింది. కొన్ని నెలల్లో డాలర్‌కు 3 పెసోలు దాటాయి. సగం మందికి పైగా పేదరికంలో పడ్డారు.

ఇక్కడే మా సిద్ధాంతానికి కాస్త ఇబ్బంది. పరువు పోయిన దేశం సిగ్గుతో తలదించుకోవాలి కదా? అబ్బే, 2003 నుంచి కొన్నేళ్లపాటు ఏటా 8, 9 శాతం చొప్పున ఎదిగింది. సోయా ధరలు పెరిగాయి, ఖాళీగా పడున్న ఫ్యాక్టరీలు తెరుచుకున్నాయి, దిగుమతి సరుకు ఖరీదై జనం సొంత సరుకు కొన్నారు. దీన్ని మేం కోలుకోవడం అనం, కాకతాళీయం అంటాం.

అయితే ఈలోగా రియల్ కూడా పడింది. 2004 నాటికి రెండు కరెన్సీలూ డాలర్‌కు 3 దగ్గర తచ్చాడుతున్నాయి. ఇద్దరిదీ ఒకే స్థాయి పరువు, ఇక గొడవేముంది అనుకున్నాం. ఆ జులైలోనే అర్జెంటీనా బ్రెజిల్ ఫ్రిజ్‌లకు అడ్డం పడింది.