మా జేజినాయన పేరు మండ్రోలప్ప. దాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు

ఇందాకే మా చిన్నాయన కూతురి పెళ్లిపత్రిక ప్రూఫ్ వాట్సాప్‌లో వచ్చింది. కీర్తిశేషులు అన్నచోట మా జేజినాయన పేరు "మనోహరప్ప" అని ఉంది. అచ్చుతప్పేమో అనుకుని తమ్ముడికి ఫోన్ చేశాను. "తప్పు కాదన్నా, నేనే మార్పించినా. మండ్రోలప్ప అంటే పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఏమనుకుంటారో అని" అన్నాడు. ఇది టైప్ చేస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి.

ఎనభై ఏళ్లు ఆ పేరుతో బతికిన మనిషి. పోయిన తర్వాత మనవడు పేరు మార్చడమేంది?

మండ్రోలప్ప మొరటు పేరు కాదు. అది థామస్ మన్రో పేరు. 1800లో నిజాం మన సీమను కంపెనీకి వదులుకున్నాక, 1807 దాకా దత్త మండలాలకు పెద్ద కలెక్టర్ ఆయనే. నడుమ జమీందారు లేకుండా రైతు పేరు మీదే పట్టా రాయించాడు. శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని పైవాళ్లకు రాశాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న మన పత్తికొండలోనే కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టి, ఆ తర్వాత మద్రాసు తీసుకుపోయారు. తిరుమలలో మన్రో గంగాళం ఉంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడినాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అట్లాంటి మనిషి పోతే సీమ జనం ఏం చేశారు? పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. మన్రో అంటే స్కాట్లండ్‌లో ఇంటిపేరు. ఐర్లండ్‌లోని రో నది దగ్గరి నుంచి వచ్చినవాళ్లమని ఆ వంశం వాళ్లు చెప్పుకుంటారు. మనవాళ్ల నోట్లో నకారం, రకారం నడుమ ఒక డకారం చేరింది. చివర ఇంత ప్రేమగా "అప్ప" తగిలించారు. ఎక్కడి ఇంటిపేరు, ఎవరి ఇంట్లో పిలుపు పేరైంది!

స్కాట్లండ్‌లో మూడు వేల అడుగులు దాటిన కొండలను మన్రోలు అంటారు. 1891లో హ్యూ మన్రో అనే ఆయన వాటి జాబితా రాశాడు. ఇప్పుడు 282 ఉన్నాయి. అన్నీ ఎక్కినవాళ్లు జీవితాంతం గొప్పగా చెప్పుకుంటారు. అదే పేరు మనకు పెళ్లిపత్రికలో నామోషీ అయింది.

తెల్లదొర పేరు మనకెందుకు, బానిస బుద్ధి అని కామెంట్ పెట్టేవాళ్లు పెట్టుకోండి. ఎవరూ బలవంతం చేసి పెట్టించిన పేరు కాదది. పత్తికొండ పక్క పల్లెలో అక్షరం ముక్క రాని ఒక తల్లి తన బిడ్డకు పెట్టుకున్న పేరు. నెట్‌లో వెతికి, నోరు తిరగని పేరు పిల్లోడికి పెట్టి, "దేవుడి వెలుగు" అని అర్థం చెప్పే మా తమ్ముడికి ఆమెను తప్పు పట్టే అర్హత లేదు.

అసలు నా కడుపుమంట ఈ పత్రికతో మొదలైంది కాదు. మా మూడెకరాల మెట్ట ఆన్‌లైన్‌లో ఎక్కించినప్పుడు పట్టాదారు పేరు "మాడ్రిలప్ప" అని పడింది. ఆధార్‌లో "మద్రాలప్ప". ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. తెచ్చాం. ఇంకోటి తెమ్మన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని మూడు వేసవులు తిప్పారు. కౌంటర్ దగ్గరి పిల్లోడు "అదేం పేరు పెద్దాయనా, మార్చుకోపో" అన్నాడు. జేజినాయన ఏమీ అనలేదు. నా జేబులోని పెన్ను తీసుకుని, ఆ కాగితం మీదే సంతకం పెట్టాడు. ఆయన సంతకం ఎప్పుడూ నిదానమే. "మం" రాసి ఆగుతాడు. "డ్రో" దగ్గర ముందు డ, దాని కింద క్రావడి, చివరికి పైన ఓత్వం. ముగ్గు వేసినట్టు రాస్తాడు. ఆ పొద్దు చెయ్యి వణుకుతున్నా ఒక్క గీత తప్పలేదు.

రైతు పేరు మీద పట్టా ఉండాలన్న మనిషి పేరే పెట్టుకున్నాడు. ఆ పేరు పట్టాలో సరిగ్గా పడకుండానే పోయాడు. కనీసం పత్రికలోనైనా పడకపోతే ఎట్లా?

ప్రూఫ్‌లో మనోహరప్పను ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఆయన సంతకం ఫొటో పక్కన పెట్టి తమ్ముడికి పంపాను. ఇంకా చూడలేదు. చూసేదాకా ఫోన్ చేస్తూనే ఉంటాను.