ఆవు గుర్తులు ఇక చాలు

తిరుపతిలో అడ్రసు చెప్పే పద్ధతిని వెంటనే నిషేధించాలని ప్రభుత్వానికి నా మనవి. "లీలామహల్ సర్కిల్ దాటినాక టీ బంకు పక్క సందు, ఎర్రావు కట్టేసి ఉంటుంది చూడు, ఆ ఇల్లే." ఇదీ మన తీరు. ఆవు మేతకు పోయిన పూట ఆ ఇంటికి అడ్రసే లేదు.

ఈ అనాగరికం మన తరంతోనే పోవాలని మా ఇంటికి అక్షాంశ రేఖాంశాలు తీశాను. పెద్ద పనేం కాదు. ఫోన్‌లో గూగుల్ మ్యాప్ తెరిచి, మన మిద్దె మీద వేలు కాసేపు అదిమి పట్టుకుంటే ఎర్ర గుర్తు దిగి, రెండు అంకెలు వస్తాయి. కంప్యూటర్‌లో అయితే మౌస్ కుడి బటన్ నొక్కితే చాలు. మన ఊరికి సుమారుగా 13.63, 79.42. చుక్క తర్వాత రెండు స్థానాలే చెబితే కిలోమీటరు దాకా తేడా రావచ్చు, చుట్టాలు ఎవరింట్లోనో భోంచేసి పోతారు. నాలుగు స్థానాలైతే 11 మీటర్లు. ఆరైతే 11 సెంటీమీటర్లు. నేను ఆరూ ఇచ్చాను. గడప మీద ఏ కాలు ఎక్కడ మోపాలో కూడా చెప్పినట్టే కదా! ఫోన్‌కే నాలుగైదు మీటర్ల తడబాటు ఉంటుందని మా అబ్బాయి అన్నాడు. చదివించిన పాపం.

మా అమ్మాయి సీమంతం కార్డులో అడ్రసు తీసేసి ఈ అంకెలే వేయించాను. ప్రెస్సు వాళ్లు ముందుది వెనక, వెనకది ముందు వేశారు. అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత అనే మర్యాద అక్కడ లేదు.

చిత్తూరు నుంచి బావ ఫోన్ చేశాడు. "ఏం బావా, మీ ఇల్లు నార్వేలో చూపిస్తా ఉండాదే! చుట్టూ మంచు. దారే లేదంట."

నిజమే. ఆ రెండూ తారుమారైతే తిరుపతి పోయిపోయి నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. అక్కణ్ణుంచి ఉత్తర ధ్రువం 1,200 కిలోమీటర్లు కూడా ఉండదు. తెల్ల ఎలుగుబంట్లు తిరిగే చోటు. చలికాలంలో నెలల తరబడి పొద్దే పొడవదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి తిరుప్పావై విందామంటే, అసలు తెల్లారితే కదా! సీమంతానికీ చోటు బాగానే ఉంటుంది, గాజులు తొడగడానికి చెయ్యి స్వెటర్‌లోంచి బయటికి రావాలి గానీ.

తప్పు దిద్ది అందరికీ వాట్సాప్‌లో పంపాను. సీమంతం రోజు మొదట వచ్చింది వంటాయన దగ్గర పనిచేసే కుర్రాడు, ఆటోలో సాంబారు గుండిగతో.

"అన్నా, నెంబర్ కాడికే వచ్చినా. చేరిపోయినావని ఫోన్ కూడా చెప్పేసింది. మీరు యాడుండారు?"

బాల్కనీలోంచి తొంగి చూశాను. సరిగ్గా నా కిందే నిలబడి ఉన్నాడు. సెంటీమీటర్‌తో సహా గెలిచాను. కాకపోతే మాది మూడో అంతస్తు, ఆ సంగతి చెప్పే అంకె ఆ రెండింట్లో లేదు.

"పైకి చూడు నాయనా" అన్నాను.

పైకి చూశాడు. గుండిగ వైపు చూశాడు. మళ్లీ పైకి చూశాడు.

"లిఫ్ట్ ఉండాదా అన్నా?"