నవ్వే హక్కు ముసలివాళ్లది

డెబ్బై అయిదేళ్ల డోరిస్, పెళ్లినాటి ఫొటో మీద దుమ్ము తుడుద్దామని స్టూలెక్కి పడిపోయింది. కాలు కదలడం లేదు. నేల మీద ఉండగా సోఫా కింద ఒక బిస్కెట్ కంటబడింది. ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చే జులేమా సరిగ్గా ఊడవడం లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఈసారి వృద్ధాశ్రమం ఊసెత్తితే చూపిస్తానని డోరిస్ దాన్ని దాచుకుంది. చీకటి పడ్డాక ఒక పోలీసు తలుపు దగ్గర ఆగి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉన్నానని చెప్పి పంపేసింది. సాయం అడిగితే తనను ఎక్కడికి చేరుస్తారో ఆవిడకు తెలుసు.

బ్రిటిష్ రచయిత అలన్ బెనెట్ బీబీసీ కోసం రాసిన ‘టాకింగ్ హెడ్స్’ వరుసలోని ఏకపాత్ర ఇది. 1988లో నటి థోరా హర్డ్ నటించగా ప్రసారమైంది. చూస్తున్నంతసేపూ నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డం పడుతూనే ఉంటుంది. వృద్ధాప్యం మీద వచ్చే రచనల్లో నేను అన్నిటికంటే పైన నిలబెట్టేది ఈ రకాన్నే. ముసలివాళ్లను చూసి జాలిపడే కథ వాళ్ల దగ్గర మిగిలిన ఆఖరి ఆస్తిని, అంటే పట్టుదలని, లాగేసుకుంటుంది. హాస్యం దాన్ని వాళ్ల చేతుల్లోనే ఉంచుతుంది. డోరిస్ మొండిది, అనుమానప్పక్షి, శుభ్రం పిచ్చి ఉన్న మనిషి. ఆ మొండితనం తీసేసి చూడండి, మిగిలేది ఒక కేసు ఫైలు.

బెనెట్ తన తల్లిదండ్రుల తరం గురించి రాశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు తమ గురించే రాసుకున్నారు. అసలు మలుపు అక్కడే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పుట్టి, 1948లో బ్రిటన్‌లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవ నీడన పెరిగి, అరవైల్లో కుర్రతనం అంటే ఏమిటో లోకానికి చూపించిన తరం అది. ఆ తరానికిప్పుడు మోకాళ్లు నొప్పులు, కళ్లకు శుక్లాలు. 2021 జనగణన నాటికే ఇంగ్లండ్, వేల్స్‌లో 65, ఆపై వయసువాళ్లు 18.6 శాతం. వెక్కిరించడానికి ఎదురుగా వేరే ముసలివాళ్లు లేరు, అద్దంలో ఉన్నది తామే. అందుకే వీళ్ల హాస్యంలో ఎగతాళి నిలబడదు.

1946లో పుట్టిన జూలియన్ బార్న్స్ ‘ది లెమన్ టేబుల్’ కథల సంపుటిని 2004లో తెచ్చాడు. అందులో ఒక కథ అంతా ఉత్తరాలే. వృద్ధాశ్రమంలో ఎనభై దాటిన ఒకావిడ, లైబ్రరీలో నవలలు ‘ఏ’ అక్షరం నుంచి వరసగా చదువుకుంటూ ‘బి’ దగ్గరికొచ్చి బార్న్స్‌ను పట్టుకుంది. ఇక ఆయనకే ఉత్తరాలు మొదలు. పుస్తకంలో తప్పులు ఎత్తిచూపుతుంది, పక్క గదుల్లో మతి తప్పినవాళ్ల గురించి రాస్తుంది, చావు గురించి కూరగాయల ధర చెప్పినంత మామూలుగా మాట్లాడుతుంది. రచయిత రాసిన జవాబులు మనకు కనిపించవు. మొత్తం వేదిక ఆవిడదే. అదే సంపుటిలో ఒక రిటైర్డ్ మేజర్ ఏటా రెజిమెంట్ విందు పేరుతో లండన్ వెళ్తాడు. జేబులో భార్య రాసిచ్చిన సరుకుల జాబితా ఉంటుంది, మనసులో ఏటా కలిసే మరో స్త్రీ ఉంటుంది. ముసలితనంలో కోరిక ఉంటుందని, అబద్ధం ఉంటుందని, రెంటితోపాటే భార్య మీద ప్రేమ కూడా ఉంటుందని ఎన్ని కథలు ధైర్యంగా చెప్పాయి?

హెలెన్ సింప్సన్ మరో అడుగు ముందుకేసింది. ఆమె రాసేది కథలే. 1990 నుంచి దాదాపు అయిదేళ్లకొకటి చొప్పున సంపుటాలు తెస్తూ, తన తరంతో పాటే తన పాత్రల వయసు పెంచుకుంటూ వచ్చింది. పసిబిడ్డలతో నిద్రలేని తల్లులు 2015 నాటి ‘కాక్‌ఫాస్టర్స్’కు వచ్చేసరికి యాభై దాటారు. ఆ పేరుగల కథలో చిన్ననాటి స్నేహితురాళ్లిద్దరు లండన్ మెట్రోలో మరిచిపోయిన కళ్లజోడు కోసం పికడిలీ లైన్ చివరి స్టేషన్ కాక్‌ఫాస్టర్స్ దాకా వెళ్తారు. దారిలో కబుర్లు, అంతే. కానీ ఆ రైలు ఎటు వెళ్తోందో పాఠకుడికి తెలుసు, వాళ్లకూ తెలుసు.

ఈ పని నవల ఎందుకు చేయలేదో చెప్పాలి, నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి ఊపే సంగతి ఇదే కాబట్టి. నవలకు ముందుచూపు కావాలి. పాత్ర మారాలి, ఎదగాలి, ఎక్కడికో చేరాలి. వృద్ధాప్యం అలా నడవదు. డాక్టర్ అపాయింట్‌మెంట్, కనబడని కళ్లజోడు, పేరు గుర్తురాని పరిచయస్తుడు, ఒక స్నేహితుడి అంత్యక్రియలు, మళ్లీ అపాయింట్‌మెంట్. రోజులు విడివిడిగా వస్తాయి. ఒక్కో రోజూ మొదలూ తుదీ ఉన్న చిన్న కథే. ముగింపు ఏమిటో ముందే తెలిసినప్పుడు ఉత్కంఠకు చోటు ఉండదు. మాట విరుపుకు, చూపుకు, వాక్యం చివర్లో తిరిగే మలుపుకు చోటు ఉంటుంది. హాస్యం బతికేది అక్కడే. మూడు వందల పేజీల పాటు సాగే చమత్కారం అలసిపోతుంది. పదిహేను పేజీల్లో అది కత్తిలా దిగుతుంది.

ఇదంతా సొంతిళ్లున్న మధ్యతరగతి తెల్లవాళ్ల కులాసా అని, కుర్రకారు అద్దెలు కట్టలేక చస్తుంటే వీళ్లకు నవ్వులేమిటని అనేవాళ్లున్నారు. కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ఇంగ్లండ్‌లో ఆస్తి 23,250 పౌండ్లు దాటినవాళ్లు సంరక్షణ ఖర్చు తామే భరించాలి. ఒంటరి మనిషి వృద్ధాశ్రమంలో చేరితే ఆ లెక్కలో ఇల్లు కూడా చేరుతుంది. ఆ కులాసా ఎన్నాళ్లుంటుందో వాళ్లకు బాగా తెలుసు. డోరిస్ దగ్గరైతే ఆ మాత్రం కులాసా కూడా లేదు.

మన దగ్గరికొస్తే నాకు బాధగా ఉంటుంది. తెలుగు కథలో వృద్ధుడంటే అరుగు మీద ఎదురుచూపు, అమెరికా నుంచి రాని ఫోను, చివరి పేరాలో కొడుకు పశ్చాత్తాపం. కథల పోటీలకు ఈ మూస దశాబ్దాలుగా మేత. ఆ కథ నిజానికి ముసలివాళ్లది కాదు, అపరాధభావంతో కుమిలే కొడుకుది. మనకు చేతకాక కాదు. శ్రీరమణ ‘మిథునం’లో అప్పదాసు తిండి యావ, బుచ్చిలక్ష్మి దెప్పిపొడుపులు చదివి మురిసిపోని తెలుగువాడు లేడు. బాపు ఆ కథను తన చేతిరాతతో రాసుకున్నారు, 2012లో తనికెళ్ల భరణి సినిమా తీశారు. ఇంత ఆదరించినవాళ్లం ఆ దారిలో ఎందుకు ఎక్కువ దూరం నడవలేదు?

ఇప్పుడు ఆ బ్రిటిష్ వృద్ధుల గదుల్లోనే మనవాళ్లున్నారు. 2022 ఫిబ్రవరిలో సంరక్షణ సిబ్బందికి వీసా తలుపులు తెరిచారు, 2025 జులైలో విదేశీ నియామకాలకు మూసేశారు. ఆ రెంటి నడుమ వెళ్లినవాళ్లు, చదువుకుంటూ వారానికి 20 గంటల పరిమితిలో కేర్ హోముల్లో పనిచేస్తున్న విద్యార్థులు, రాత్రి రెండు గంటలకు టీ అడిగే తొంభై ఏళ్లావిడ చమత్కారాన్ని మనలో ఎవరికన్నా దగ్గరగా వింటున్నారు. అన్నం కలిపి పెట్టిన తమ అమ్మమ్మను ఊళ్లో వదిలి, పరాయి అమ్మమ్మకు చెంచాతో తినిపిస్తున్నారు. ఆ గదిలో ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసురుకునే మాటలు, ఒకరికొకరు చెప్పుకోని సంగతులు కథలుగా రావాలి. కన్నీళ్లు లేకుండా రావాలి. ఆ పిల్లలు రాయాలి. మన పత్రికలు, పోర్టళ్లు వాళ్లను వెతికి పట్టుకుని అడిగి రాయించాలి.