కీబోర్డుకు స్క్రూలెందుకు పెట్టరు?

మా పాప ల్యాప్‌టాప్‌లో కొన్ని మీటలు పనిచేయడం మానేసినాయి. కొత్త కీబోర్డు తెప్పించి ఇంట్లోనే మారుద్దామని అడుగుమూత విప్పితే కడుపు మండింది. స్క్రూలే లేవు! కీబోర్డు రేకును పై చట్రానికి ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి అతికించేసినారు. దాన్ని అందుకోవాలంటే ముందు బ్యాటరీ, ఫ్యాను, మదర్‌బోర్డు అన్నీ ఊడదీయాల. ఆ బొడిపెలు చెక్కేస్తే మళ్ళా బిగించేదానికి ఆధారమే ఉండదు.

కడప ఏడురోడ్ల దగ్గర రిపేరు షాపాయన్ని అడిగితే, "చట్రంతో సహా మార్చాల సార్, విడిగా నిలబడదు" అన్నాడు. ఆయన తప్పేముంది, పాపం. పాతకాలం ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో కాసిని స్క్రూలు తీస్తే కీబోర్డు పైకొచ్చేది. రోజూ అరిగేది, దుమ్ము పట్టేది, టీ ఒలికేది దాని మీదనే కదా! మొదట చెడిపోయేదాన్నే అన్నిటికంటే అడుగున పాతిపెడితే ఎట్లా?

ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు, రిపేరుకు ఎంత వీలుందో పదికి ఇన్ని మార్కులని చూపించాల. మన కేంద్రం కూడా 2022లో రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) అని, కంపెనీల రిపేరు వివరాలు ఒకచోట చూపించే వెబ్ పోర్టల్ తెచ్చింది. సంతోషమే. కానీ నేను కొన్న డబ్బా మీద కీబోర్డు విడిగా మారుతుందా లేదా అన్న ముక్క ఎక్కడా లేదు. అది రాయాల, ధర పక్కనే రాయాల.